నూజివీడా, ఒంగోలా?

ఒరేయ్ బావా,

ఫోన్ చేస్తే మీటింగ్ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. చదవడానికి మీటింగ్ అడ్డం రాదుగా.

మన బడి ఏమీ మారలేదురా. సైన్స్ ల్యాబ్ అంటే ఇప్పటికీ అదే బీరువా, అందులో అవే పగిలిన బీకర్లు. ఆ బడిలోనే ఈసారి ఒక పిల్లకి టెన్త్‌లో 600కి 561 వచ్చాయి. ట్రిపుల్ ఐటీకి, అదే టెన్త్ అవ్వగానే ఇంజనీరింగ్ చదువుకి చేర్చుకునే ఆర్జీయూకేటీ కాలేజీలకి, అప్లై చేద్దామా అంటే, "కోచింగ్ తీసుకోలేదు కదా సార్" అంది. అసలు ఎంట్రన్సే లేదని, టెన్త్ మార్కుల మీదే సీటని తెలీదు పాపం! గవర్నమెంటు బడి పిల్లలకి మార్కుల మీద 4 శాతం కలుపుతారు కూడా. గ్రేడ్లున్న రోజుల్లో అదే పదికి 0.4 పాయింట్లు. ఇద్దరికి సమానంగా వస్తే ముందు లెక్కల మార్కులు చూస్తారు. లెక్కల్లో తనకి 98. ఆ లెక్కలు చెప్పిందెవరో అడగవేం?

మార్కులతో పనైపోతే బాగుండేది. ఏ తరగతి ఎక్కడ చదివిందో స్టడీ సర్టిఫికెట్లు పెట్టాలి కదా. వీళ్ళమ్మానాన్నలు మిరప కోతలకి గుంటూరు వైపు వలస పోయేవాళ్ళు. ఐదో తరగతి అక్కడే ఏదో ఊళ్ళో చదివిందట. తెల్లారి ఐదింటి బస్సెక్కి వెళ్తే వేసవి సెలవులు, బడికి తాళం. హెడ్మాస్టరు గారి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. మంచాయన, లుంగీ మీదే వచ్చి బడి తలుపు తీశారు. దుమ్ము దులిపి రిజిస్టర్ తెరిస్తే, పిల్ల పేరుంది కానీ ఇంటిపేరు లేదు. పక్కన ఎర్ర సిరాతో 'వలస కుటుంబం' అని రాసుంది. ఇంటిపేరుకి తండ్రి ఆధార్ జిరాక్స్ చూపించి, గంటసేపు కూర్చుని సర్టిఫికెట్ రాయించుకొచ్చాను.

తీరా నెట్ సెంటర్లో కూర్చుంటే ఓటీపీ రాదు. వాళ్ళ నాన్న ఫోన్‌కి రీచార్జ్ అయిపోయింది, ఆయనేమో గేదెలతో చెరువు గట్టున ఉన్నాడు. ఆ టెన్షన్ ఇక చెప్పను.

వాళ్ళమ్మతో మాట్లాడటం అన్నిటికంటే కష్టం. "ఆరేళ్ళా సార్!" అని నోరు తెరిచింది. ఇంటర్ లాంటి పీయూసీ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, అన్నీ ఒకేచోట, ఇంటర్‌కి లక్షలు పోసే పని లేదని నచ్చజెప్పాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ మాట విన్నాక కాస్త మెత్తబడింది. సరే, ఒంగోలు క్యాంపస్ అయితే దగ్గర కదా అంది. పిల్లకేమో నూజివీడు మీద మనసు. 2008లో మొదలైన క్యాంపస్‌లలో అదొకటి, సీనియర్లు ఎక్కువని ఎవరో చెప్పారట. నేనేం మాట్లాడలేదు. చివరికి తనే మౌస్ పట్టుకుని మొదటి ఆప్షన్ నూజివీడు పెట్టేసింది. అమ్మ వెనకే నిలబడి ఉంది, స్క్రీన్ మీద ఇంగ్లీషు కాబట్టి బతికిపోయాం.

లిస్టు ఇంకా రాలేదు. నీ హాస్టల్ ట్రంకు పెట్టె మీ అటక మీదే ఉందని అత్తయ్య చెప్పింది. సీటొస్తే ఆ పిల్లకి ఇచ్చేస్తాను, కాదనకు. తాళంచెవి నీ దగ్గరే ఉందట, పంపించు.

నీ
బావ