మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అంటారు కదా, ఈ ఉత్తరం కూడా చదవండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మా నాన్నగారి గుండెకు సాయంగా రక్తాన్ని తోయడానికి పెట్టిన ఎల్‌వ్యాడ్ పంపు మీ కంపెనీదే. దాని బ్యాటరీల్లో ఒక జత తొందరగా దిగిపోతోంది. రాత్రంతా చార్జింగ్ పెట్టినా, తెల్లారి బటన్ నొక్కితే నాలుగు పచ్చలైట్లకి రెండే వెలుగుతున్నాయి. బ్యాటరీ అన్నాక పాడవుతుంది, దానితో నాకు పేచీ లేదు. పేచీ మీతో.

మొదట ఫోన్ ఎత్తిన అమ్మాయి "ఒకసారి స్విచాఫ్ చేసి ఆన్ చేయండి సార్" అంది. అమ్మా, అది టీవీ కాదు, ఆపితే మనిషి ప్రాణం మీదికొస్తుంది అన్నాను. "సారీ సార్" అని టెక్నికల్ టీమ్‌కి కలిపింది. అక్కడి కుర్రాడు "పేషెంట్ పల్స్ ఎంత?" అన్నాడు. మీ పంపు రక్తాన్ని ఆగకుండా ధారగా తోస్తుంది, అందుకే నాన్నగారి నాడి చేతికి దొరకదు. ఈ సంగతి మా వీధి ఆర్‌ఎంపీ గారికి మేమే చెప్పాం. మీ టెక్నికల్ టీమ్‌కీ మేమే చెప్పాలా? చివరికి ఆసుపత్రిని అడగమన్నాడు. ఆసుపత్రివాళ్లేమో బ్యాటరీలు కంపెనీయే ఇవ్వాలన్నారు. మళ్లీ మీకు చేస్తే సంగీతం. ఆ ట్యూన్ మా అమ్మకి కూడా నోటికొచ్చేసింది. ఇంతా అయ్యాక "కస్టమర్ అందుబాటులో లేరు, కంప్లెయింట్ క్లోజ్ చేశాం" అని మెసేజ్! ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చున్నవాడికి!

ఆపరేషన్‌కి ముందు ఇలా లేదండీ. ఊపిరితిత్తుల్లో రక్తపోటు బాగా ఎక్కువగా ఉంది, ఇప్పుడు గుండె మార్చినా కొత్త గుండె ఆ ఒత్తిడికి తట్టుకోలేదు, ముందు పంపు పెట్టి అది తగ్గితే అవయవదానం చూసే జీవన్‌దాన్‌లో గుండె కోసం పేరు రాయిద్దాం అని డాక్టర్లు చెప్పిన దగ్గర్నుంచి మీ మనిషి రోజూ ఫోనే. "మీరు మా ఫ్యామిలీ సార్" అన్నాడు. కొబ్బరితోట అమ్మి కట్టాం. తర్వాత ఎవరడిగినా భయం లేదు, పెట్టించుకోండి అనే చెప్పాం. ఇప్పుడా ఫ్యామిలీ మెంబరు ఫోన్ స్విచాఫ్.

రాత్రి నాన్నగారు పంపుని గోడ ప్లగ్గుకి తగిలించి పడుకుంటారు. కరెంటు పోయిందంటే అమ్మ టార్చి నోట కరుచుకుని, పంపు రెండు వైర్లలో ఒకటి బ్యాటరీకి బిగించాకే రెండోది పీకుతుంది. రెండూ ఒకేసారి పీకకూడదు కదా (మీకు తెలుసనే అనుకుంటున్నాను). ఆ టెన్షన్ మీ రికార్డు గొంతుకి ఏం తెలుస్తుంది?

కొత్త జత పంపండి. అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తే మనిషి పేరు, నంబరు రాసివ్వండి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను, వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, వైద్య పరికరాల లోపాల మీద ఫిర్యాదులు చూసే మెటీరియోవిజిలెన్స్ వాళ్లకీ రాస్తాను. అప్పటికీ కదలకపోతే నాన్నగారిని తీసుకొచ్చి మీ ఆఫీసు రిసెప్షన్‌లోనే కూర్చోబెడతాను. అక్కడ ప్లగ్ పాయింటూ జనరేటరూ ఉంటాయిగా!

ఇట్లు,
మీ 'ఫ్యామిలీ' మెంబరు