హీబ్రూ పేపరు కబుర్లు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరమొచ్చి పది రోజులైంది, తిట్టుకోకు. ఈమధ్య నాకో పేపరు పిచ్చి పట్టుకుంది. హారెట్జ్ అని, ఇజ్రాయెల్‌ది. ఆ మాటకి 'ఆ నేల' అని అర్థం. నాకు హీబ్రూ ముక్క రాదు, చదివేది దాని ఇంగ్లీషు ఎడిషనే.

పేపరు డెస్క్‌లో ఉన్నవాడివి, నీకు నవ్వొస్తుంది విను. 1918లో దీన్ని మొదలుపెట్టించింది అప్పుడు పాలస్తీనాలో ఉన్న బ్రిటిష్ సైన్యం! మరుసటేడు రష్యా నుంచి వచ్చిన యూదులు తీసుకున్నారు. అప్పటికి మన ఆంధ్రపత్రిక దినపత్రికై అయిదేళ్లు. హీబ్రూ ఇళ్లలో మళ్లీ మాట్లాడుకోవడం అప్పుడప్పుడే కుదురుకుంటోంది. పత్రికకి చక్కని మాట కూడా బెన్ యెహూదా అనే ఆయన పుట్టించిందే: కాలానికి 'ఎత్', దాన్నుంచి 'ఇతోన్'. ఇంకో తమాషా, వాళ్ల అచ్చులో అచ్చుల గుర్తులు వెయ్యరు. మనకి 'పలక' అని కనిపిస్తే అది పలకో, పిలకో, పలుకో వాక్యం చూసి పోల్చుకోవాలన్నమాట. ప్రూఫులు దిద్దేవాళ్లకి దండం పెట్టాలి!

1935లో షాకెన్ అనే ఆయన కొన్నాడు. జర్మనీలో పెద్ద పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లుండేవి, హిట్లరొచ్చాక దేశం వదిలేశాడు. కొడుకు గెర్షోమ్ 1939 నుంచి 1990 దాకా ఎడిటర్. యాభై ఏళ్లు ఒకే ఎడిటర్, ఊహించుకో!

అమ్మకాల్లో ఇది వెనకబెంచీయే, తిట్లు తినడంలో మాత్రం ఫస్టు. అమీరా హాస్ అనే వీళ్ల విలేకరి పాలస్తీనా వాళ్ల కష్టాలు రాయడానికి గాజాలో, తర్వాత రమల్లాలో కాపురమే పెట్టింది. సొంత జనానికి ఒళ్లు మండదూ? 2024 నవంబర్లో ప్రభుత్వం ఏకంగా ఈ పేపరుకి తన ప్రకటనలు ఆపేసింది. ప్రకటన పోతే ఓనర్ల మొహాలెలా మాడతాయో నీకు నేను చెప్పాలా? అయినా వీళ్లు రాసేది రాస్తూనే ఉన్నారు. అన్నీ నాకు నచ్చుతాయని కాదు, కొన్ని వ్యాసాల్లో మరీ మేస్టారు క్లాసు పీకినట్టుంటుంది.

నాకు బాగా నచ్చింది వేరే. 2009 జూన్‌లో, వాళ్ల పుస్తకాల వారానికి, ఒకరోజు దాదాపు పేపరంతా కవులకీ రచయితలకీ అప్పజెప్పారు. వాతావరణం ఐటెమ్ కవితైపోయింది! నువ్వూ ఈసారి అల్పపీడనం వార్త కందపద్యంలో కొట్టి పేజీలో పెట్టు. మీ ఇన్‌ఛార్జి ఏమన్నాడో వెంటనే రాయి.

నీ
రాంబాబు