గోడ సంగతి సరే, కోత కోసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో అక్రమ వలసల గురించి మన పత్రికల్లో వార్త వచ్చిందంటే పక్కన గోడ ఫొటో ఉండాల్సిందే. ఎన్ని మైళ్లు కట్టారు, ఎవరి హయాంలో ఆగింది, ఎన్ని డాలర్లు పోశారు అన్న దగ్గరే చర్చ ముగిసిపోతోంది. ఆ దేశంలో కూరగాయలు కోసేదెవరు, పాలు పితికేదెవరు, వాళ్లకు కాగితాలు ఎందుకు లేవు అన్నది ఎక్కడో చివరి పేరాలో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. అక్కడి కార్మిక శాఖ సర్వేల ప్రకారం పంట పొలాల కూలీల్లో నూటికి నలభై మంది దాకా పని అనుమతి లేనివాళ్లే. వాళ్లలో ఎక్కువమంది నిన్న మొన్న దాటి వచ్చినవాళ్లు కారు, పదేళ్లకు పైగా అక్కడే కాపురముంటున్నవాళ్లు. గోడ ఎంత ఎత్తు లేపినా వాళ్లకు అడ్డం రాదు. వాళ్లు లోపలే ఉన్నారు.

ముందు గోడ సంగతే చూద్దాం. మెక్సికోతో సరిహద్దు సుమారు 1,954 మైళ్లు. 2017 మొదటికే దాదాపు 650 మైళ్ల మేర ఏదో ఒక రకం కంచె ఉంది. ట్రంప్ మొదటి హయాంలో 450 మైళ్లకు పైగా పని జరిగింది కానీ, అందులో సింహభాగం పాత కంచె పీకి కొత్తది పాతడమే. 2025 జులైలో సంతకమైన చట్టం గోడకు 46.5 బిలియన్ డాలర్లు ఇచ్చింది. గోడ అంటే మనం అనుకునే ఇటుక గోడ కాదు. ఆరంగుళాల చదరపు ఉక్కు గొట్టాలను 18 నుంచి 30 అడుగుల ఎత్తున వరుసగా నిలబెట్టి, లోపల కాంక్రీటు నింపి, పైన పట్టు దొరకకుండా నున్నటి ఉక్కు రేకు బిగిస్తారు. గొట్టానికీ గొట్టానికీ మధ్య నాలుగంగుళాల సందు వదులుతారు, అవతల ఎవరున్నారో గస్తీవాళ్లకు కనబడాలి కాబట్టి. బ్యాటరీ రంపానికి సరైన బ్లేడు వేస్తే ఈ గొట్టం అడుగు దగ్గర తెగుతుంది. తెగిన గొట్టం పై రేకును పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. దాన్ని పక్కకు నెడితే మనిషి దూరే సందు ఏర్పడుతుంది. సిబ్బంది వచ్చి వెల్డింగ్ చేసి పోతారు. స్మగ్లర్లు మళ్లీ వచ్చి ఆ అతుకు దగ్గరే కోస్తారు.

అరిజోనాలో వానాకాలం వస్తే వాగులు దాటే చోట గోడ అడుగు గేట్లు ఎత్తి ఉంచాల్సిందే. ఎత్తకపోతే కొట్టుకొచ్చిన కంపా కర్రా అడ్డుపడి నీటి బరువుకు గోడే ఒరిగిపోతుంది. టెక్సాస్‌లో రియో గ్రాండే నదే సరిహద్దు. నది నడుమ గోడ కట్టలేరు కనుక చాలాచోట్ల ఇవతలి కరకట్ట మీద కట్టారు. దాంతో కరకట్టకూ నదికీ మధ్య ఉన్న అమెరికా పొలాలు గోడకు అవతల పడ్డాయి. రైతు తన చేలోకి తాను పోవడానికి గేటు దగ్గర కోడ్ నొక్కాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. గోడ కచ్చితంగా సరిహద్దు గీత మీద ఉండదు, కొన్ని అడుగులు అమెరికా వైపు జరిగి ఉంటుంది. అంటే దక్షిణం నుంచి వచ్చి గోడను చేత్తో తాకిన మనిషి అప్పటికే అమెరికా నేల మీద ఉన్నాడు. 2021 నుంచి 2024 దాకా వచ్చినవాళ్లలో చాలామంది దాక్కోలేదు. గస్తీ సిబ్బంది ఎదుటికి వచ్చి ఆశ్రయం కావాలని అడిగారు. 2023 డిసెంబరు ఒక్క నెలలో దక్షిణ సరిహద్దులో గస్తీ దళం సుమారు రెండున్నర లక్షల మందిని పట్టుకుంటే, 2024 డిసెంబరుకు ఆ లెక్క 50 వేల లోపుకు దిగింది. ఆ ఏడాది కాలంలో గోడ పెద్దగా పెరిగింది లేదు. మారింది మెక్సికో తన గడ్డ మీద పెంచిన తనిఖీలు, 2024 జూన్‌లో ఆశ్రయం మీద బైడెన్ పెట్టిన ఆంక్షలు. ఇక వీసా మీద విమానంలో దర్జాగా దిగి గడువు దాటినా తిరిగి వెళ్లనివాళ్ల లెక్క వేరు. 2019 ఆర్థిక సంవత్సరంలో అలాంటివి 6 లక్షల 76 వేలని అక్కడి ప్రభుత్వమే తేల్చింది. వాళ్లు ఏ గోడనూ చూడలేదు.

అలాగని కంచె ఎందుకూ కొరగాదని చెప్పడం నా ఉద్దేశం కాదు. శాన్ డియేగో లాంటి చోట దాటిన మనిషి నిమిషాల్లో జనంలో కలిసిపోతాడు. అక్కడ కంచె గస్తీవాళ్లకు కాస్త వ్యవధి ఇస్తుంది. 1994లో అక్కడ కాపలా బిగించాక దాటేవాళ్లు తూర్పుగా జరిగి సొనోరా ఎడారి దారి పట్టారు. అప్పటి నుంచి ఎండకూ దాహానికీ వేలమంది ప్రాణాలు పోయాయి. పొలాల మీద దీని ప్రభావం ఇంకో రకంగా పడింది. అంతకుముందు మెక్సికో కూలీ కోతలకు వచ్చి, కోతలయ్యాక ఇంటికి పోయేవాడు. దాటించేవాడికి వేల డాలర్లు పోయాల్సి వచ్చాక ఒకసారి వచ్చినవాడు తిరిగి పోవడం మానేశాడు. భార్యాపిల్లల్ని కూడా అక్కడికే రప్పించుకున్నాడు.

మరి సక్రమంగా రావడానికి దారి లేదా? ఉంది. మన పాఠకులకు హెచ్-1బీ గురించి, దాని లాటరీ గురించి చెప్పక్కర్లేదు. పొలం పనికి హెచ్-2ఏ అనే వీసా ఉంది. దీనికి ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు, లాటరీ లేదు. 2005లో 48 వేల ఉద్యోగాలకు అనుమతిస్తే 2023లో 3 లక్షల 78 వేలకు ఇచ్చారు. అయినా నూటికి నలభై మంది కాగితాలు లేకుండా ఎందుకున్నారో తెలియాలంటే ఆ దరఖాస్తు రైతు చేతిలో ఎలా నడుస్తుందో చూడాలి.

పని మొదలయ్యే రోజుకు 75 నుంచి 60 రోజుల ముందు రైతు రాష్ట్ర ఉపాధి కార్యాలయంలో పని వివరాలతో జాబ్ ఆర్డర్ ఇవ్వాలి. 45 రోజులకు తక్కువ కాకుండా ముందు కేంద్ర కార్మిక శాఖకు దరఖాస్తు చేయాలి. ముందుగా అమెరికన్ల కోసం వెతకాలి. కార్మిక శాఖ సర్టిఫికెట్ ఇచ్చాక ఇమిగ్రేషన్ శాఖకు ఐ-129 ఫారం, అదయ్యాక మెక్సికోలోని కాన్సులేట్‌లో కూలీలకు వీసా. ఇన్ని మెట్లలో ఒక్కచోట ఆగినా కూలీ రావడం వారం పది రోజులు వెనకబడుతుంది. స్ట్రాబెర్రీ పండు ఆ వారం ఆగదు. రెండున్నర నెలల ముందే కోత తేదీ చెప్పమంటే ఏ దేశపు రైతయినా ఏం చెబుతాడు?

ఖర్చు ఇంకో మెట్టు. స్థానికుల కూలి పడిపోకుండా ప్రభుత్వం రాష్ట్రాలవారీగా కట్టిన రేటు ఇవ్వాలి. 2024లో అది కాలిఫోర్నియాలో గంటకు 19.75 డాలర్లు, జార్జియాలో 14.68 డాలర్లు. ఇల్లు ఉచితంగా ఇవ్వాలి. కూలీల శిబిరాల నిబంధనల ప్రకారం పడుకునే గదిలో మనిషికి 50 చదరపు అడుగుల చోటు, పదిమందికి ఒక షవరు, పదిహేను మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. మూడుపూటలా భోజనమో, వండుకోవడానికి వంటగదో ఏర్పాటు చేయాలి. ఒప్పందంలో సగం గడిస్తే వచ్చిన దారి ఖర్చులు, పూర్తయితే తిరుగు ప్రయాణం ఖర్చులు రైతువే. పైగా ఒప్పుకున్న గంటల్లో నాలుగింట మూడు వంతులకు గ్యారంటీ ఉంది. పది వారాలకు, వారానికి 40 గంటల చొప్పున ఒప్పుకుంటే మొత్తం 400 గంటలు. అనుకున్నంత పని లేకపోయినా సాధారణంగా 300 గంటల కూలి ఇవ్వాల్సిందే. ఇవన్నీ కూలీకి న్యాయమైన రక్షణలే, ఒక్కటి కూడా తీసేయకూడదు. కానీ పాతిక ఎకరాల రైతు ఇంత మోయలేక లేబర్ కాంట్రాక్టరును ఆశ్రయిస్తున్నాడు. దుర్మార్గం మొదలయ్యేది ఆ మధ్యవర్తి దగ్గరే. కూలీ దగ్గర నియామకానికి డబ్బు వసూలు చేయడం చట్టవిరుద్ధం. అయినా మెక్సికో పల్లెల్లో అప్పు చేసి ఏజెంటుకు కట్టి వచ్చేవాళ్లు ఉన్నారు. వీసా ఒకే యజమానికి కట్టేసి ఉంటుంది కాబట్టి వచ్చాక నోరెత్తితే వీసా పోతుంది, అప్పు మిగులుతుంది. 2021లో జార్జియాలో బయటపడిన కేసులో 24 మంది మీద అభియోగాలు మోపారు. ఉల్లిగడ్డలు ఒట్టి చేతులతో తవ్వించి, పాస్‌పోర్టులు లాక్కున్నారన్నది ఆరోపణ. ఆ కూలీలు కాగితాలు లేనివాళ్లు కారు, ఇదే హెచ్-2ఏ మీద వచ్చినవాళ్లు.

అన్నింటికంటే పెద్ద లోపం ఇంకొకటి. హెచ్-2ఏ తాత్కాలిక పనికీ, ఒక రుతువులో ఉండే పనికీ మాత్రమే ఇస్తారు. ఆవును రోజుకు రెండు మూడుసార్లు, ఏడాది పొడవునా పితకాలి. కాబట్టి డెయిరీకి ఈ వీసా రాదు. ఏడాదంతా పుట్టగొడుగులు పెంచేవాళ్లదీ ఇదే గతి. పశ్చిమ రాష్ట్రాల్లో గొర్రెలు కాసేవాళ్లకు మాత్రం ఏడాదంతా ఉండేలా ప్రత్యేక నిబంధన ఉంది. గొర్రెకు ఇచ్చిన వెసులుబాటు ఆవుకు ఎందుకివ్వరో సహేతుకంగా చెప్పగలిగేవాళ్లు లేరు. విస్కాన్సిన్ పాల రైతు అర్ధరాత్రి షిఫ్టుకు మనిషి కావాలనుకుంటే, ఆ పనికి చట్టంలో తాత్కాలిక వీసా ఏదీ లేదు. తలుపు తట్టినవాడు చూపిన గుర్తింపు కార్డూ, సోషల్ సెక్యూరిటీ కార్డూ చూడటానికి నిజమైనవిగా ఉంటే తీసుకుంటాడు. పనిలో చేర్చుకునేటప్పుడు నింపే ఐ-9 ఫారం నియమం కూడా అంతవరకే అడుగుతుంది. ఇంకో కాగితం తెమ్మని పట్టుబడితే వివక్ష కేసు అవుతుంది.

“కూలి పెంచితే అమెరికన్లే చేస్తారు” అనే వాదన మీ పాఠకుల లేఖల్లో కూడా కనబడుతోంది. దీన్ని ఒకసారి నిజంగానే పరీక్షించారు. 1942 నుంచి 1964 దాకా బ్రసేరో పథకం కింద మెక్సికో కూలీలకు 46 లక్షల ఒప్పందాలు జరిగాయి. స్థానికుల కూలి పెరుగుతుందని దాన్ని 1964 చివర్లో ఎత్తేశారు. 1965లో హైస్కూలు ఆటగాళ్లను పొలాలకు పంపించి చూశారు, ఎక్కువమంది నిలవలేదు. కూలి పెరిగిందా అంటే, మైకేల్ క్లెమెన్స్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనబడలేదు. రైతులు యంత్రాలకు మారారు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గట్టి తోలు టమాటానూ, దాన్ని కోసే యంత్రాన్నీ జంటగా తయారుచేసింది. 1960ల చివరికి అక్కడ సాస్‌కూ పేస్టుకూ వెళ్లే టమాటా దాదాపు అంతా యంత్రమే కోసింది. కానీ స్ట్రాబెర్రీ మొక్క మీద పండూ కాయా పక్కపక్కనే ఉంటాయి. పండినదాన్నే నలగకుండా తుంచాలంటే ఇప్పటికీ మనిషి చెయ్యే కావాలి. లెట్యూస్‌ అయితే వంగి మొదలు కోసి, పై ఆకులు దులిపి, పెట్టెకు 24 చొప్పున సర్దాలి. చలికాలంలో ఈ పని అరిజోనాలోని యూమా చుట్టూ జరుగుతుంది. తెల్లవారకముందే శాన్ లూయిస్ చెక్‌పోస్టు దగ్గర వేలమంది మెక్సికో వైపు నుంచి కాగితాలు చూపించి నడిచి వచ్చి బస్సులెక్కుతారు. అదే గోడ పక్కనున్న ఆ గేటు నుంచి సక్రమంగా.

తనిఖీ ఒక్కటే చేస్తే ఏమవుతుందో 2011లో జార్జియా చూసింది. పనివాడికి పని అనుమతి ఉందో లేదో ఆన్‌లైన్‌లో సరిచూసే ఈ-వెరిఫైని యజమానులకు తప్పనిసరి చేసే చట్టం రాగానే కూలీలు వేరే రాష్ట్రాలకు తరలిపోయారు. రాష్ట్ర సర్వేలో పొలాల్లో 11 వేలకు పైగా ఖాళీలు తేలాయి. గవర్నరు నేరం రుజువై, జైలుకు బదులు నిఘాలో (ప్రొబేషన్‌లో) ఉన్నవాళ్లను పొలాలకు పంపమన్నారు. వాళ్లలో చాలామంది మధ్యాహ్నానికే వెళ్లిపోయారు. ఒట్టి క్రమబద్ధీకరణ కూడా చాలదని 1986 నాటి చట్టం నేర్పింది. అప్పుడు దాదాపు 11 లక్షల మంది పొలం కూలీలకు కాగితాలిచ్చారు. వాళ్లు క్రమంగా మెరుగైన పనుల్లోకి మారితే, ఆ ఖాళీల్లోకి సక్రమంగా వచ్చే సులువైన దారి లేక మళ్లీ కాగితాలు లేనివాళ్లే వచ్చారు.

కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్నదే ముఖ్యం. ఇప్పటికే పొలంలో ఉన్నవాళ్లకు ముందు హోదా ఇవ్వాలి. ఏడాది పొడవు పనికి, యజమానిని మార్చుకునే హక్కుతో వీసా పెట్టాలి. ఈ-వెరిఫై ఆ తర్వాత రావాలి. ఇది కొత్తగా కనిపెట్టిన మందు కాదు. వ్యవసాయ కార్మికుల ఆధునికీకరణ బిల్లులో రెండేళ్లలో 180 రోజులు పొలం పని చేసినవాళ్లకు హోదా, డెయిరీలతో సహా ఏడాదంతా సాగే పనులకు వీసాలు, ఆపైన తప్పనిసరి ఈ-వెరిఫై ఉన్నాయి. ప్రతినిధుల సభ దాన్ని 2019లో ఒకసారి, 2021లో ఒకసారి రెండు పార్టీల ఓట్లతో ఆమోదించింది. రెండుసార్లూ అది సెనేట్‌లోనే ఆగిపోయింది. గోడ ఎన్ని మైళ్లయిందని రాసే ప్రతిసారీ మీ విలేకరులు ఆ బిల్లు ఎక్కడుందో కూడా ఒక వాక్యం రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు