ఫ్రెంచ్ డోర్ అంటే గాజు ఒక్కటే కాదు

సంపాదకులు గారికి,

ఇంటి అలంకరణ మీద మీరు ఆదివారం వేసే వ్యాసాలు మా పనివాళ్ళం తప్పకుండా చదువుతాం, ఎందుకంటే ఆ తర్వాత వచ్చే కస్టమర్లు ఆ పేజీ చింపి చేతిలో పట్టుకునే వస్తారు. ఫ్రెంచ్ డోర్ల మీద వేసిన వ్యాసం కూడా నా దగ్గరికి అలాగే వచ్చింది. ఫొటో బాగుంది, కాదనను. రెండు రెక్కల గాజు తలుపు, బయట పచ్చటి తోట, లోపల గచ్చు మీద ఎండ. కానీ వ్యాసం మొత్తం వెతికినా ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా అన్న ముక్క లేదు. తలుపులు బిగించే పనిలో ఉన్నవాణ్ణి, నా కళ్ళు ముందు వెతికేది అదే. రంగులు, పిడులు, గాజు మీద డిజైన్లు అన్నీ తర్వాతి మాట.

మామూలుగా ఈ జంట తలుపులు ఆరడుగుల వెడల్పులో పెడతారు, అంటే ఒక్కో రెక్క మూడడుగులు. అది తిరగాలంటే ఆ వైపు మూడడుగుల నేల ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. లోపలికి తెరుచుకునే రకమైతే అక్కడ సోఫా పెట్టకూడదు, కర్టెన్ రాడ్డు గుమ్మం కన్నా రెండు వైపులా బాగా పొడుగ్గా ఉండాలి, లేకపోతే తలుపు తీసినప్పుడల్లా గుడ్డ రెక్కలో ఇరుక్కుంటుంది. ఇంకోటి ఎవరికీ గుర్తుండదు, తివాచీ. తలుపు బిగించిన రోజు నేల నున్నగా ఉంటుంది, రెక్క కింద చిన్న సందు వదిలి మేం వెళ్ళిపోతాం, తర్వాత వాళ్ళు మందపాటి తివాచీ పరుస్తారు, ఇక ఆ తలుపు సగం తెరుచుకుని ఆగిపోతుంది. తివాచీ వేసే ఉద్దేశం ఉంటే ముందే చెప్పండి బాబూ, గడప ఆ మేరకు లేపుతాం.

వానజల్లు నేరుగా కొట్టే చోట, పైన సజ్జ లేని చోట నేనైతే బయటికి తెరుచుకునేదే పెట్టమంటాను. గాలి ఎంత గట్టిగా తోస్తే ఆ రెక్క ఫ్రేములోని రబ్బరుకు అంత గట్టిగా అతుక్కుంటుంది, లోపలికి తెరుచుకునే దాన్ని అదే గాలి రబ్బరు నుంచి దూరంగా నెడుతుంది. అయితే దానికీ చిక్కులున్నాయి. మడతబందులు బయటికి కనిపిస్తాయి, వాటి చీల లాగేస్తే తాళం ఎంత ఖరీదైనదైనా రెక్క ఆ వైపు నుంచి ఊడొస్తుంది, అందుకని చీల ఊడని రకం బందులే అడగాలి. తీసిన రెక్కను పట్టి ఉంచే కొక్కెమో, స్టేనో కచ్చితంగా ఉండాలి, లేకపోతే ఒక్క గాలి దుమారానికి రెక్క వెళ్ళి గోడకు కొట్టుకుంటుంది. తలుపు దాటగానే మెట్లున్న చోట మాత్రం బయటికి తెరుచుకునేది వద్దు, రెక్క తిరిగేంత చదును లేకుండా తలుపు తోసుకుంటూ కాలు బయట పెట్టడం ప్రమాదం. దోమల మెష్ పెట్టాలంటే అది రెక్క తిరగని వైపే పెట్టగలం, ఇదీ ముందే ఆలోచించుకోవాలి.

మూడు నాలుగు అడుగుల ఇరుకు బాల్కనీకి ఫ్రెంచ్ డోర్ కావాలని వచ్చేవాళ్ళకు స్లైడింగ్ పెట్టుకోమనే చెబుతాను. బేరం తగ్గినా సరే. స్లైడింగ్‌లో ఒకసారికి సగం గుమ్మమే తెరుచుకుంటుంది, నిజమే, కానీ కుర్చీ వేసుకోవడానికి బాల్కనీ అయినా మిగులుతుంది.

ఇక రెండు రెక్కలు కలిసే చోటు. నీళ్ళు, గాలి, దొంగ, ఎవరు రావాలన్నా ఈ తలుపుకు బలహీనమైన జాగా అదే, ఎందుకంటే అక్కడ పట్టుకోవడానికి ఫ్రేము ఉండదు, ఒక రెక్క ఇంకో రెక్కను పట్టుకోవాలి. రోజూ వాడే రెక్క ఒకటి, మూసి ఉంచే రెక్క ఒకటి. మూసి ఉంచే దాన్ని పైనా కిందా బోల్టులతో బిగిస్తారు, దాని అంచుకు ఒక పట్టీ ఉంటుంది, వాడే రెక్క వచ్చి ఆ పట్టీకి ఆనుకుంటుంది. కింది బోల్టు దిగేది గడపలోనో నేలలోనో వేసిన చిన్న కన్నంలోకి. ఆ కన్నంలో మట్టి, వెంట్రుకలు, ఊడ్చిన చెత్త చేరి గట్టిపడిపోతుంది, బోల్టు పావు అంగుళం దిగి ఆగుతుంది, పైకి చూస్తే మాత్రం అంతా వేసినట్టే ఉంటుంది. భుజంతో ఒక్క తోపు తోస్తే చాలు. కనక ఆ కన్నానికి లోహపు కప్పు వేయించుకోండి, అప్పుడప్పుడు పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయండి. వాడే రెక్కకు పిడి దగ్గర ఒక్కచోటే పట్టే తాళం కాకుండా పిడి తిప్పగానే పైన, మధ్యలో, కింద మూడు చోట్లా పట్టే మల్టీపాయింట్ లాక్ పెట్టించుకోవాలి. దీనివల్ల భద్రత ఒకటే కాదు, ఏడడుగుల రెక్క వంకర పోకుండా నిలువునా రబ్బరుకు నొక్కుకుని ఉంటుంది.

షోరూంలో ఒక చిన్న పని చేసి చూడండి. ఒక కాగితం ముక్క రెక్కకూ ఫ్రేముకూ మధ్య పెట్టి తలుపు వేసి తాళం తిప్పి, కాగితం లాగండి. జారుకుంటూ వచ్చేసిందంటే అక్కడ రబ్బరు నొక్కుకోవడం లేదన్నమాట. పైన, కింద, బందుల వైపు, ముఖ్యంగా రెండు రెక్కలు కలిసే చోట చూడండి. సేల్స్ అబ్బాయి మొహం చూడకండి, కాగితం చూడండి.

ఐదడుగుల గుమ్మంలో ఈ తలుపు పెట్టమనేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. రెండున్నర అడుగుల రెక్కలు వస్తాయి, అందులో ఫ్రేము మందం, తెరిచిన రెక్క మందం పోగా రోజువారీ నడక దారి మరీ ఇరుకు. చేతిలో బుట్ట పట్టుకుని నేరుగా నడవలేరు, ప్రతిసారీ పక్కకు తిరగాలి. దీనికి మందు ఒక పెద్ద రెక్క, ఒక చిన్న రెక్క. చూపుకు రెండు సమానంగా లేవని కొందరు ఒప్పుకోరు. వాళ్ళిష్టం.

గాజు దగ్గరికి వస్తే, మొదట బరువు. మిల్లీమీటరు మందం గాజు చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. ఒక రెక్కలో ఒకటిన్నర చదరపు మీటర్ల గాజు ఉందనుకోండి, 5 మిల్లీమీటర్లవి రెండు పొరలు వేస్తే గాజు ఒక్కటే 37 కిలోలు దాటింది. రెండు బందుల మీద అది వేలాడితే కొన్నాళ్ళకు రెక్క పిడి వైపు కిందికి జారి గడపను గీకుతుంది. మూడు బందులు ఉండాల్సిందే, బరువు ఇంకా ఎక్కువైతే నాలుగు, అవీ స్క్రూతో పైకీ కిందికీ సర్దుకునే రకమైతే తర్వాత మమ్మల్ని పిలిచే పనే ఉండదు.

తలుపులో ఉండే గాజు సేఫ్టీ గ్లాసే అయి ఉండాలి, ఇందులో బేరం లేదు. టఫెన్డ్ గాజును 600 డిగ్రీలు దాటేదాకా వేడి చేసి ఒక్కసారిగా గాలితో చల్లారుస్తారు, పగిలితే కత్తుల్లాంటి ముక్కలు కాకుండా చిన్న చిన్న గుళ్ళలా రాలుతుంది, పిల్లలు పరిగెత్తి గుద్దుకునే చోట అదే ప్రాణం కాపాడేది. కానీ అది పగిలిందంటే మొత్తం ఒకేసారి రాలిపోతుంది. దొంగకు కావాల్సింది అదే, చెయ్యి లోపల పెట్టి గడియ తిప్పుకుంటాడు. అందుకని లామినేటెడ్ గాజు కూడా అడగండి, రెండు గాజుల మధ్య పలచటి ప్లాస్టిక్ పొర అతికి ఉంటుంది, పగిలినా పొర పట్టుకుని ఉంచుతుంది. బయటి శబ్దం తగ్గుతుంది, సోఫా బట్టల రంగు పోగొట్టే అతినీలలోహిత కిరణాలను ఆ పొర దాదాపు అన్నింటినీ ఆపేస్తుంది. డబుల్ గాజు, అంటే మధ్యలో ఖాళీ వదిలి రెండు గాజులు పెట్టేవాళ్ళు ఒక పొర టఫెన్డ్, ఒక పొర లామినేటెడ్ పెట్టుకుంటే నా లెక్కలో సరిపోతుంది. టఫెన్డ్ అని చెప్పి మామూలు గాజు పెట్టేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి గాజు మూలన గోరుతో గీకినా పోని చిన్న ముద్ర ఉందో లేదో చూసుకోండి. దొంగ భయంతో లోపలి వైపు కూడా తాళంచెవి పెడితేగానీ తెరుచుకోని తాళాలు వేయించుకుంటారు కొందరు. రాత్రి పూట మంటలంటుకుంటే ఆ తాళంచెవి ఎక్కడ వెతుకుతారు?

వేడి సంగతిలో రెండు అంకెలు అడిగితే చాలు. యూ వాల్యూ అనేది వేడి గాజు గుండా ఎంత సులువుగా దాటుతుందో చెబుతుంది, ఎంత తక్కువైతే అంత మంచిది. ఒంటి గాజుకు 5.7 దరిదాపుల్లో ఉండేది, మధ్యలో ఖాళీ వదిలి సీల్ చేసిన రెండు సాదా గాజులకు 2.8 దాకా దిగుతుంది. రెండోది నేరుగా పడే ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పే అంకె, సోలార్ హీట్ గెయిన్ అంటారు, సాదా ఒంటి గాజుకు 0.8 పైన, ఎండను ఆపే పూత ఉన్న డబుల్ గాజుల్లో 0.3కి అటూ ఇటూ దొరుకుతాయి. పడమర వైపు తలుపు పెట్టుకునేవాళ్ళు మొదటి అంకె గురించి గంట మాట్లాడి రెండోది అడగనే అడగరు. సాయంత్రం హాల్లో కూర్చోలేక ఏసీని తిట్టుకుంటారు. రెండు గాజుల మధ్య ఎప్పుడైనా మసక చేరి తుడిస్తే పోకపోతే సీల్ పోయిందని అర్థం, లోపల తుడిచే దారి లేదు, ఆ గాజు జత మొత్తం మార్చాల్సిందే, కాబట్టి సీల్‌కు ఎన్నేళ్ళ వారంటీ ఇస్తారో బిల్లు మీద రాయించుకోండి.

గాజు మీద గళ్ళ సంగతి కూడా మీ వ్యాసంలో గొప్పగా రాశారు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఈ రకం తలుపులు వాడుకలోకి వచ్చేనాటికి పెద్ద గాజు పలక చేయడం కష్టం, బోలెడు ఖర్చు, అందుకని చిన్న చిన్న గాజులను చెక్క పట్టీల్లో కూర్చి పెట్టేవాళ్ళు. 1959లో ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ కరిగిన గాజును కరిగిన తగరం మీద తేల్చే పద్ధతి బయటపెట్టాక పెద్ద పలకలు చవకయ్యాయి, ఇప్పుడా పట్టీలు అందానికే. అందానికైతే రెండు గాజుల మధ్యలో ఉండే రకం తీసుకోండి, తుడవడం హాయి. పదిహేను గళ్ళ తలుపు మూలల్లో దుమ్ము తుడిచేది ఎవరో ముందు ఇంట్లో తేల్చుకుని, తర్వాత పైన అతికించే పట్టీల సంగతి చూడండి.

ఫ్రేముకు చెక్కా, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్కా, అల్యూమినియమా అని అందరూ అడుగుతారు, దాని మీద మీ వ్యాసంలో ఉన్నది బాగానే ఉంది, నేను కలిపేది కొంచెమే. చెక్క తేమకు ఉబ్బుతుంది, పై అంచుకూ కింది అంచుకూ కూడా పాలిష్ పడిందా చూడండి, కంటికి కనిపించవని వాటినే వదిలేస్తారు. యూపీవీసీ అయితే లోపల ఉక్కు గొట్టం ఉందా అని అడగండి. అల్యూమినియం సన్నగా, గట్టిగా ఉంటుంది కానీ వేడిని సూటిగా లోపలికి మోసుకొస్తుంది, మధ్యలో వేడిని ఆపే ప్లాస్టిక్ అతుకు ఉన్న రకం ఉంటుంది, డబుల్ గాజుకు డబ్బు పెట్టేవాళ్ళు ఇది వదిలేస్తే ఆ డబ్బు సగం దండగే.

గడప. పెద్దవాళ్ళు, చక్రాల కుర్చీ వాడేవాళ్ళు ఉన్న ఇంట్లో గడప అరంగుళానికి మించకుండా చూసుకోవాలి, వాన కొట్టే చోట మాత్రం ఎత్తు గడపే నీళ్ళను ఆపుతుంది. రెండూ కావాలంటే తలుపు బయట నేలను వాలుగా పోయించి, గడప ముందు జాలీ కాలువ తీయించాలి, అది గచ్చు వేయకముందు చేయాల్సిన పని. యూపీవీసీ, అల్యూమినియం ఫ్రేముల అడుగున బయటి వైపు సన్నటి చీలికల్లాంటి కన్నాలుంటాయి, లోపలికి చేరిన నీళ్ళు బయటికి పోవడానికి. చీమలొస్తున్నాయనో, పనితనం బాలేదనో వాటిని సిలికాన్‌తో పూడ్చేస్తున్నారు. పూడిస్తే తర్వాతి వానకు ఆ నీళ్ళు వెనక్కి తిరిగి ఇంట్లోకే వస్తాయి, అప్పుడు తలుపు లీకవుతోందని మాకు ఫోన్.

కొలతలు పూత, గచ్చు పని అయ్యాకే తీయించండి. వెడల్పు పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి తక్కువున్నది పట్టుకోవాలి, మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పెట్టి చూస్తే రెండూ సమానంగా ఉండాలి. తేడా ఉంటే గుమ్మం చదరంగా లేదు, ముందు మేస్త్రీని పిలవండి, టఫెన్డ్ గాజు ఒకసారి తయారయ్యాక అంగుళం కూడా కోయలేం, మళ్ళీ కొత్తది చేయించాల్సిందే.

ఇక నుంచి ఇలాంటి ఫొటో వేసినప్పుడు కింద రెండు లైన్లు కలపండి: రెక్క ఎటు తెరుచుకుంటుంది, ఏ గాజు, గడప ఎలా ఉంది. వీలైతే తలుపు తెరిచి ఉన్నప్పటి ఫొటో కూడా ఒకటి వేయండి. ఉత్తరం పొడుగైంది, మీ పేజీలో పట్టదంటే ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ, గాజు మీద ముద్ర, నీళ్ళు పోయే కన్నాలు, ఈ రెండు ముక్కలూ మాత్రం తీసెయ్యకండి.

ఇట్లు,
తలుపులు బిగించే మీ పాఠకుడు