ఓడిపోయిన పిల్లలకి జ్యూస్ ఇచ్చే మ్యూజికల్‌కి ఇంటిల్లిపాదీ వెళ్ళండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా మావయ్య గారు అత్తయ్య గారు తెనాలి నుంచి ఆరు నెలలకని మా దగ్గరకొచ్చారండి, మావయ్య గారు పొద్దున్నే ఐప్యాడ్‌లో మీ ఈ-పేపర్ తెరవందే కాఫీ ముట్టుకోరు. అలా ఆయనే చూపించారు, అమెరికాలో స్పెల్లింగ్ బీ, అంటే ఇంగ్లీషు మాటల స్పెల్లింగులు చెప్పే పిల్లల పోటీ, గెలుస్తున్న మన తెలుగు పిల్లల గురించి మీరు వేసిన కథనం. 2002లో ప్రత్యూష్ బుద్దిగ, ఆ మరుసటేడే సాయి గుంటూరి, ఇంకా 2024లో బృహత్ సోమ, ఆ పేర్లు చదువుతుంటే ఎవరికైనా సంతోషంగానే ఉంటుంది, బృహత్ అయితే చివర్లో తొంభై సెకన్లలో 29 మాటలు కరెక్టుగా చెప్పాడు, అది మామూలు విషయమా. కానీ నాకు మీ కథనం చదివాక ఒకటే అనిపించింది. ఫైనల్స్‌కి రెండొందల పైచిలుకు పిల్లలు వెళ్తారు, ఒక్కళ్ళు గెలుస్తారు, మరి మిగతా పిల్లలు ఆ రాత్రి ఇంటికి ఎలా వెళ్ళారో ఎవరూ రాయరు. అసలు అక్కడిదాకా కూడా వెళ్ళకుండా రీజినల్‌ పోటీల్లోనే, అంటే ఏ ప్రాంతానికి ఆ ప్రాంతంలో జరిగే ముందు పోటీల్లోనే, ఆగిపోయే వేలమంది సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు.

మా పెద్దమ్మాయి అలా ఆగిపోయిన పిల్లేనండి. పోయినేడాది ఒక్క అక్షరం తప్పు చెప్పింది, 'ఇ' అనాల్సిన చోట 'ఎ' అంది, టింగుమని గంట కొట్టారు, అంతే. రెండేళ్ళు రోజూ స్కూల్ నుంచి రాగానే రెండు గంటలు కూర్చుని చదివిన పిల్ల. కార్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఎనిమిదో తరగతి దాటితే ఇంక ఆ పోటీకి ఛాన్స్ లేదు, ఇప్పుడు ఏడులో ఉంది, మా ఆయన వారం తిరక్కుండానే కొత్త వర్డ్ లిస్టు ఎక్సెల్ షీట్‌లో రెడీ చేసి పెట్టారు. ఆయన ప్రేమ ఆయనది, కాదనను. కానీ పిల్ల ఆ ల్యాప్‌టాప్ వంక చూసే చూపు నాకు బాగోలేదు.

అప్పుడు నా ఆఫీస్ ఫ్రెండ్ ఒకావిడ చెప్పింది, మీ ఇంటికి దగ్గర్లోనే చిన్న థియేటర్ వాళ్ళు స్పెల్లింగ్ బీ మీద మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం, వేస్తున్నారు, పిల్లని తీసుకెళ్ళు అని. దాని పూర్తి పేరు 'ది ట్వెంటీ ఫిఫ్త్ యాన్యువల్ పట్నం కౌంటీ స్పెల్లింగ్ బీ'. మన చెన్నపట్నం కాదండి, ఈ కథలో పిల్లల పోటీ జరిగే కౌంటీ, అంటే మన జిల్లా లాంటి దాని, పేరు. పాటలు విలియం ఫిన్, మాటలు రేచెల్ షెయిన్‌కిన్. న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లుండే బ్రాడ్వేలో 2005 మేలో మొదలై 2008 జనవరి దాకా 1,136 ఆటలు ఆడింది, అక్కడ నాటకాలకిచ్చే పెద్ద అవార్డులు, టోనీలు, రెండొచ్చాయి. మొన్న 2025లో మళ్ళీ న్యూయార్క్‌లో న్యూ వరల్డ్ స్టేజెస్‌లో కొత్తగా వేశారు. న్యూయార్క్ దాకా పోకపోయినా పర్లేదు, అమెరికాలో స్కూళ్ళవాళ్ళూ ఊళ్ళలో ఉండే చిన్న థియేటర్ల వాళ్ళూ ఎప్పుడూ ఎక్కడో ఒక చోట దీన్ని వేస్తూనే ఉంటారు.

ఇది పుట్టిన తీరు కూడా నాకు చాలా నచ్చింది. ముందు ఒక చిన్న గ్రూపు స్క్రిప్టు గట్టిగా లేకుండా అప్పటికప్పుడు మాటలు కల్పించుకుంటూ ఆడిన నాటకం ఇది. అందులో వేసే అమ్మాయొకతె వీకెండ్లలో వెండీ వాసర్‌స్టైన్ అనే పెద్ద నాటక రచయిత్రి ఇంట్లో పాపని చూసుకునేది, ఆ రచయిత్రి వెళ్ళి నాటకం చూసి, దీన్ని మ్యూజికల్ చెయ్యాలని ఫిన్‌కి చెప్పింది, అలా మొదలైంది. ఆ అప్పటికప్పుడు ఆడే గుణం ఇప్పటికీ పోలేదు, ఎందుకంటే ప్రతి ఆటలోనూ ప్రేక్షకుల్లోంచి నలుగురిని, ఒక్కోసారి ముగ్గుర్ని స్టేజీ మీదకి పిలిచి పిల్లల వేషాలేసిన నటుల పక్కన కూర్చోబెట్టి నిజంగానే స్పెల్లింగులు అడుగుతారు. ఎవరు వస్తారో ఏం చెప్తారో ఆ నటులక్కూడా తెలీదు.

ఇక్కడే మనవాళ్ళు కొంచెం ప్లాన్ చేసుకోవాలండి, నేను మూడు వారాలు చేశాను, అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగవుతోంది.

మొదటిది పిల్లల వయసు. ఇందులో ఎదిగే వయసు మగపిల్లాడి ఇబ్బంది మీద ఒక పాట ఉంది, పచ్చిగానే ఉంటుంది, స్కూళ్ళవాళ్ళు వేసేటప్పుడు దానికి బదులు మార్చిన మాటలు వాడుకునే వీలుంది. బాక్సాఫీస్‌కి ఫోన్ చేసి మీరు ఏది వేస్తున్నారు అని అడిగితే చక్కగా చెప్తారు, సిగ్గుపడాల్సిన పనిలేదు. మాకు అసలుదే అని చెప్పారు. అందుకని ఎనిమిదేళ్ళ మా చిన్నోణ్ణి పక్కింటి తెలుగు వాళ్ళ దగ్గర ఉంచాం, ఏడ్చాడు పాపం, అయినా పన్నెండు దాటాక తీసుకెళ్తే బాగా ఎంజాయ్ చేస్తాడని నా అభిప్రాయం. పెద్దమ్మాయికి మాత్రం ముందే చెప్పాను ఇలా ఒక పాట వస్తుందని, తాతయ్య నానమ్మల పక్కన కూర్చుని ఇబ్బంది పడకుండా దాన్ని ఒక చివరా వాళ్ళని ఇంకో చివరా కూర్చోబెట్టాం, మధ్యలో మేమిద్దరం.

రెండోది ఇంటర్వెల్ లేదు! గంటా నలభై అయిదు నిమిషాలు ఏకబిగిన నడుస్తుంది. మావయ్య గారికి షుగర్, అందుకని మధ్యాహ్నం రెండింటి ఆట తీసుకున్నాం, పన్నెండున్నరకే భోజనం పెట్టేసి, కార్లో ఒక అరటిపండు, లోపలికెళ్ళే ముందు అందర్నీ బాత్రూంకి పంపించాను. సీట్లు నడవ పక్కనే బుక్ చేశాం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇది మాత్రం మర్చిపోకండి.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది, పెద్దవాళ్ళకి కథ ముందే తెలుగులో చెప్పాలి. లేకపోతే ఆ స్పీడు ఇంగ్లీషు, ఆ పాటలు వాళ్ళకి అందవు, మర్యాదకి కూర్చుని వచ్చేస్తారు. నేను నాలుగు రాత్రులు భోజనాల దగ్గర ఒక్కో పిల్ల గురించి చెప్పాను. మాట స్పెల్లింగుని ముందు కాలితో నేల మీద రాసుకుని అప్పుడు పైకి చెప్పే అబ్బాయి, ఆరు భాషలొచ్చి ఎప్పుడూ గెలిచి గెలిచి అలిసిపోయిన అమ్మాయి, గెలవాల్సిందేనని ఇద్దరు తండ్రులు వెనక నుంచి తోస్తున్న చిన్నపిల్ల, తెలివితక్కువవాడివని ఇంట్లో అనిపించుకునే అబ్బాయి. ఇంకా ఆలివ్ అనే అమ్మాయి, తల్లి ఇండియాలో ఆశ్రమంలో ఉంటుంది, తండ్రి పని నుంచి ఇంకా రాలేదు, ఇరవై అయిదు డాలర్ల ఎంట్రీ ఫీజు కూడా కట్టలేదు, తండ్రి కోసం ఒక కుర్చీ ఖాళీగా పెట్టుకుని కూర్చుంటుంది, డిక్షనరీయే దాని స్నేహితురాలు. ఇది చెప్పగానే అత్తయ్య గారు "పిల్లనొదిలేసి ఆశ్రమమేంటమ్మా, అక్కడెవరూ వెనక్కి పొమ్మని చెప్పలేదా" అని నిజంగా బాధపడిపోయారు. ఆట చూసేటప్పుడు ఆ పాప తల్లినీ తండ్రినీ తలుచుకుని పాడుతుంటే ఆవిడకి ఒక్క మాట అర్థం కాకపోయినా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు.

స్టేజీ మీదకి పిలుస్తారని చెప్తే మావయ్య గారు అస్సలు ఆశ్చర్యపోలేదండి. హరికథలో దాసుగారు ఆపి మనచేత గోవింద కొట్టించడంలా, పద్యం బాగుంటే మనం వన్స్‌మోర్ అంటే నటుడు మళ్ళీ ఎత్తుకోడంలా, జనం లేకపోతే ఆట ఎక్కడిది అన్నారు. తర్వాత ఆయనే అష్టావధానంతో పోల్చారు. అవధాని పద్యం కట్టుకుంటుంటే అప్రస్తుత ప్రసంగి పక్కనుంచి ఏదో ఒకటి అడిగి చెదరగొడతాడే, ఇక్కడ మైక్ దగ్గర కూర్చుని పిల్లలకి మాటలిచ్చే వైస్ ప్రిన్సిపల్ పాత్ర ఆ పని చేస్తున్నాడట. అవధానంలో గంటలు లెక్కపెట్టాలి, ఇక్కడ గంట కొడితే ఇంటికెళ్ళాలి, అంతే తేడా అన్నారు. ఆ మాటతో నాకే ఆట సగం అర్థమైంది.

ఇంక అసలు సంగతి. స్టేజీ ఎక్కాలనుకున్న వాళ్ళు ఆట మొదలయ్యే ముందు లాబీలో పేరు రాసుకోవాలి, అందుకని అరగంట ముందే వెళ్ళాలి. అక్కడ వాళ్ళు మనతో కాసేపు మాట్లాడతారు, ఎక్కడి వాళ్ళు ఏం పని చేస్తారు అని, స్టేజీ మీద మనల్ని పరిచయం చేసేటప్పుడు అవే వాడుకుంటారు. ఇష్టం లేని వాళ్ళని ఎవరూ బలవంతం చెయ్యరు, భయస్తులు హాయిగా కూర్చుని చూడొచ్చు. మా అమ్మాయి రాయనంది. "నాన్న రాయాలి" అంది. మా ఆయన ఒక నిమిషం తటపటాయించి రాశారు, మొదట పిలిచిన పేర్లలోనే ఆయన పేరు వచ్చింది.

పిలిచిన వాళ్ళకి రూల్ ఒకటే, మాట చెప్పాక అర్థం అడగొచ్చు, వాక్యంలో వాడి చూపించమనొచ్చు, తర్వాత స్పెల్లింగ్ చెప్పాలి. ఒకావిడకి 'కౌ' అని ఇచ్చారు, హాలంతా నవ్వు. మా ఆయనకి మొదటి మాట తెలిసిందే వచ్చింది. రెండోసారి ఇచ్చిన మాట నేను జన్మలో వినలేదు. ఆయన మైక్ ముందు నిలబడి, ఇంట్లో రోజూ పిల్లకి చెప్పే మనిషి, తొందరపడకు, అన్నీ అడుగు, ఊపిరి తీసుకో అని చెప్పే మనిషి, ఏమీ అడక్కుండా గబగబా ఏదో చెప్పేశారు. టింగు. నేను మా అమ్మాయి వైపు చూశాను, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈ ఆటలో ఓడిపోయిన వాళ్ళని ఊరికే పంపించరండి. మిచ్ అని ఒక పాత్ర ఉంది, వాళ్ళని ఓదార్చడమే అతని డ్యూటీ, వచ్చి గట్టిగా కౌగిలించుకుని, చేతిలో ఒక చిన్న జ్యూస్ డబ్బా పెట్టి, మిగతా వాళ్ళంతా పాట పాడుతుంటే సాగనంపుతాడు. మా ఆయన ఆ జ్యూస్ డబ్బా పట్టుకుని సీటు దగ్గరికొచ్చి కూర్చున్నారు, తాగలేదు, పిల్ల చేతికిచ్చారు. అది తాగేసింది!

ఇంటికొచ్చేటప్పుడు కార్లో అదే మొదట మాట్లాడింది. "నాన్నా, నువ్వు అర్థం అడగలేదు, అది గ్రీకు మాటలా ఉంది, ఏ భాష నుంచి వచ్చిందో అడిగుంటే దొరికేది." మా ఆయన కాసేపు డ్రైవ్ చేసి, "అక్కడ నిలబడితే ఏమీ గుర్తురాలేదు తల్లీ, లైట్లు పడ్డాయి, భయమేసింది" అన్నారు. "నాక్కూడా అంతే" అంది అది. ఏడాది తర్వాత ఆ గంట గురించి మా ఇంట్లో నడిచిన మొదటి మాటలు అవేనండి. వచ్చే ఏడాది పోటీకి వెళ్తుందో లేదో అది ఇంకా తేల్చుకోలేదు, మేమూ అడగట్లేదు, ఎక్సెల్ షీట్ అలానే ఉంది.

అందుకని ఎడిటర్ గారూ, నా మనవి ఏంటంటే, గెలిచిన పిల్లల ఫోటోలు వెయ్యండి, తప్పకుండా వెయ్యండి, వాళ్ళు అంత కష్టపడ్డారు. దాంతోపాటు మీ అమెరికా పేజీలో ఇలాంటి ఆటలు ఎక్కడెక్కడ వేస్తున్నారో కూడా రాయండి, మనవాళ్ళు సినిమాలకీ, తెలుగు సంఘాల పండగలకీ వస్తారు గానీ వీధి చివర ఉన్న ఈ చిన్న థియేటర్లలో కనపడరు, ఆ రోజు హాల్లో తెలుగు కుటుంబం మాది ఒక్కటే. స్పెల్లింగ్ బీలో మన పిల్లలే అంతమంది ఉన్నప్పుడు ఆ హాల్లో కూడా మనం ఉండాలి కదా. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తే గ్రూపు టికెట్ ఉంటుందేమో అడగండి, కార్లు కలిసొస్తాయి, పిల్లలకి తోడు ఉంటుంది.

మావయ్య గారు ఈసారి తనే లాబీలో పేరు రాస్తారట, ఇండియా వెళ్ళేలోపు మళ్ళీ ఎక్కడైనా వేస్తే. రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి ఆయన్ని కూర్చోబెట్టి రోజుకి పది మాటలు అడుగుతోంది, తప్పు చెప్తే స్పూన్‌తో గ్లాసు మీద టింగుమని కొట్టి, ఫ్రిజ్‌లోంచి మజ్జిగ తెచ్చిస్తోంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
న్యూజెర్సీ