వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం చూసిన మంచు పాతర

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పట్లాగే బాగా జరిగాయి. ఫోటోలు అందరూ చూశారు కాబట్టి వాటి గురించి ఇక్కడ ఎక్కువ రాయడం లేదు. పిల్లల తెలుగు తరగతి మాత్రం టీచరు దొరక్క కొన్నాళ్లు ఆగిపోయింది, మళ్లీ మొదలుపెట్టాం.

అసలు రాయాల్సింది జులైలో ఇక్కడ ఇంగ్లండులో బ్రిస్టల్ నుంచి కిల్లర్టన్ వెళ్లిన రోజు గురించి. ఎక్సెటర్ దగ్గర ఆక్లండ్ కుటుంబం ఎస్టేటు అది, 1944లో సర్ రిచర్డ్ ఆక్లండ్ పాత కట్టడాలను, తోటలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు ఇచ్చేశారు. అక్కడి తోటలో 1808 ప్రాంతంలో కట్టిన ఐస్ హౌస్, అంటే మంచు దాచే గొయ్యి ఉంది. "గొయ్యి చూడ్డానికి అంత దూరమా?" అని మన గ్రూపులో కొందరు అడిగారు, అడగడంలో తప్పేం లేదు. కానీ ఎండలో గట్టెక్కి ఆ గుమ్మం దగ్గరికి చేరగానే ముఖానికి చల్లగా తగిలింది చూడండి, అప్పటిదాకా ఐస్‌క్రీం కోసం గొడవ చేస్తున్న పిల్లలు కూడా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు.

చలికాలంలో చెరువుల మీద గట్టిపడిన మంచును పగలగొట్టి తెచ్చి భూమిలో దాచేవాళ్లు. ఇక్కడి గొయ్యిలో 40 టన్నులు పట్టేది, నింపడానికి 30 మందికి 5 రోజులు పట్టేదట. ఇలాంటి వాటిల్లో చుట్టూ గడ్డి కూరేవాళ్లు. కరిగిన నీళ్లు నిలిస్తే మిగతా ఐసు కూడా తొందరగా పోతుంది కాబట్టి అడుగున తూము పెట్టేవాళ్లు. ఫ్రిజ్ లేని రోజుల్లో దొరగారి బల్ల మీదికి ఎండాకాలం ఐస్‌క్రీం రావాలంటే, గడ్డకట్టే చలిలో కూలీల చేతులు అంత కష్టపడాలన్నమాట.

కర్నూలు జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన అంతా విని, "ఇది మా జొన్నల పాతరే కదయ్యా!" అన్నారు. అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి వేసి మట్టితో మూసేవాళ్లట. పాతర తెరిచిన వెంటనే మాత్రం ఎవరినీ దిగనిచ్చేవారు కాదట, లోపల గాలి ఆడదు, మనిషి పడిపోతాడు. "ముందు దీపం దించుతాం. ఆరిపోతే ఆగుతాం, వెలుగుతుంటే దిగుతాం" అని చెబుతుంటే పిల్లలు ఆయన్ని చుట్టేశారు, ఎందుకు ఆరుతుంది తాతా అని ఒకటే ప్రశ్నలు. చివరికి ఆయన టికెట్ వెనకాల పెన్నుతో పాతర బొమ్మ గీసి చూపించారు. ఇక్కడికి వచ్చి రెండు నెలలైనా ఆయన ఏ మీటింగులోనూ నోరు విప్పి మాట్లాడింది లేదు. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఆ టికెట్ మన మినిట్స్ పుస్తకంలో అతికించి ఉంది. వచ్చే ఏడాది ట్రిప్ కూడా జూన్, జులైల్లోనే పెడదాం, ఊళ్ల నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండేది అప్పుడే. గట్టు ఎక్కలేని వాళ్ల కోసం ముందుగానే వీల్‌చైర్ అడిగి పెట్టుకోవాలి, ఈసారి ఇద్దరు కిందే ఉండిపోయారు.