పొట్ట మీదున్న వరికి ఆఫ్ వద్దు

సంపాదకుడు గారికి,

సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వరికి ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో, అంటే కొన్ని రోజులు కాలువ వదిలి కొన్ని రోజులు ఆపి, నీళ్లివ్వడాన్ని మేం తప్పుపట్టడం లేదు. ప్రాజెక్టులో ఉన్నంతలోనే అందరికీ సర్దాలని ఏ రైతుకైనా తెలుసు. మా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆ షెడ్యూల్‌లో తేదీలుంటాయి గానీ పైరు వయసు ఉండదు.

డిసెంబరులో నారు పోసి జనవరిలో నాటేసిన మడి, నాటు తేరుకుని పిలకలు వేసేటప్పుడు కొంచెం ఆరినా ఏం కాదు. సన్నగా నెర్రెలు కనపడేదాకా ఆగి తడి పెట్టమని శాస్త్రవేత్తలే చెప్తున్నారు. అప్పుడు ఆఫ్ నాలుగు రోజులు పొడిగించినా ఎవరూ ధర్నాకు రారు.

ఫిబ్రవరి చివరి నుంచి లెక్క మారుతుంది. వెయ్యి పది రకం వరి అయినా తెలంగాణ సోనా అయినా 120 రోజులకు అటూ ఇటూగా వచ్చే పంటలే. అప్పటికి చిరుపొట్ట, అంటే కాండం లోపల కంకి తయారయ్యే దశ. మార్చి నడిమికి కంకి బయటికొచ్చే ఈనిక, ఆ వెంటనే గింజ పాలు పోసుకోవడం. చిరుపొట్టకు ఆఖరి యూరియా వేయాలంటే మడిలో పలుచగా నీళ్లుండాలి. కాలువ ఆగితే బస్తా ఇంట్లోనే ఉంటుంది. ఆలస్యంగా వేస్తే మెడ విరుపు తెగులు భయం. ఈనిక నాటికి ఎండ 35 డిగ్రీలు దాటితే పూత నిలవదు. మడిలో తడి ఉంటే ఆ వేడి కొంతైనా తగ్గుతుంది.

తడి తప్పిన చేను చూడండి. కంకి సగం పొట్టలోనే ఇరుక్కుంటుంది. బయటికొచ్చిన గింజను గోటితో నొక్కితే పాలు రావు, పొట్టు చప్పగా అణిగిపోతుంది. కోతకొచ్చే రోజుల్లో వంగాల్సిన కంకి నిటారుగా నిలబడుతుంది. కాంటా దగ్గర తాలు పేరుతో తరుగు తీసేదీ ఆ వడ్లకే. సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ అంటున్నారు, గింజ నిండితే కదా!

బోర్లున్నాయి కదా అంటారు. వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018లోనే వచ్చింది. మార్చిలో బోరే ఆగి ఆగి పోస్తుంటే కరెంటు మాత్రం ఏం చేస్తుంది?

చివరి తూముల గోస ఇంకోటి. కాలువ వదిలిన రోజు నుంచే ఆన్ లెక్క మొదలవుతుంది. పైనున్న వాళ్ల మోటార్లన్నీ దాటుకుని నీళ్లు మా పిల్లకాలువకు చేరేసరికి ఆఫ్ దగ్గర పడుతుంది. రాత్రుళ్లు తూము కాడ కాపలా, ఒక మడి తడిసిందో లేదో అన్న టెన్షన్, గెట్టు పక్కోడితో మాటామాటా. కాలువ నీళ్లు చూసుకునే లస్కర్ ఒక్కడే అయితే ఎంత దూరమని తిరుగుతాడు?

కొత్తగా నీళ్లు అడగడం లేదు. పిలకల దశలో ఆఫ్ పెంచి, అక్కడ మిగిలిన నీళ్లను మార్చికి జరిపి తడుల మధ్య ఎడం తగ్గించమంటున్నాం. చివరి తూముకు నీళ్లు చేరిన రోజు నుంచి ఆన్ లెక్కేయాలి. ఏ ప్రాజెక్టు కింద ఎన్ని నీళ్లివ్వాలో తేల్చే రాష్ట్ర స్థాయి శివం కమిటీ యాసంగి నీళ్ల మీద కూర్చునేటప్పుడు మండలాల వారీగా నాట్లు ఎప్పుడు పడతాయో వ్యవసాయ అధికారుల దగ్గర తెప్పించుకుని తేదీలు వేయాలి. ఆ కాగితాన్ని నారు పోయకముందే గ్రామ పంచాయతీ గోడకు అంటిస్తే, తడి అందదనుకున్న వాళ్లం ఆ మేరకు మడులు తగ్గించుకుని మినుములో పెసర్లో వేసుకుంటాం.

– ఒక రైతు,
నిడమనూరు మండలం, నల్గొండ జిల్లా